బొంగురు పెట్టె

మా నాన్నమ్మకు కోపం రాలేదంటే ఒంట్లో బాగోలేదని అర్థం. అలాంటప్పుడు తాతయ్య లేచి వచ్చి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాడు. "బతికే ఉన్నాను లెండి" అని ఆమె ఆ చేతిని విసిరికొట్టిందంటే, "ఫరవాలేదు, తగ్గింది" అని మళ్లీ వెళ్లి కుట్టుమిషను ముందు కూర్చుంటాడు. తాతయ్య దర్జీ. పని చేస్తున్నంతసేపూ నోట్లో గుండుసూదులు కరిచి పెట్టుకుంటాడు కాబట్టి దేనికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఆ సూదులు గుడ్డలకంటే ఆయన కాపురానికే ఎక్కువ పనికొచ్చాయని నా అనుమానం.

నాన్నమ్మ కోపానికి పుట్టినిల్లు రేడియోల ఫ్యాక్టరీ. అక్కడ ఆమె చివరి బల్ల దగ్గర కూర్చునేది. తయారైన ప్రతి రేడియో ఆమె ముందుకు రావాలి. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, మీట చివరిదాకా తిప్పి వినేది. అంత గట్టిగా పెట్టినా గొంతు గొంతులా ఉంటే సరే. ఎక్కడైనా చిరిగినట్టు, గరగరమన్నట్టు వినిపిస్తే దాని నడుముకు ఎర్ర బిళ్ల అంటించి వెనక్కి పంపేది. ఎర్ర బిళ్ల పడ్డ రేడియోను చూసి టంకం వేసే అమ్మాయిలు ఏడ్చేవారట. "ఏడవనీ. ఏడిస్తే చెయ్యి కుదురుతుంది" అనేదట మా నాన్నమ్మ.

తర్వాత ఒక కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. అతనికి నిండు లారీలు కావాలి, ఈమెకు నిఖార్సైన శబ్దం కావాలి. కొన్నాళ్లు ఉప్పూ నిప్పూ లాగా గడిచాక, అతను అందరినీ నిలబెట్టి, పెద్దావిడకు చెవి పోయిందని, బాగున్నవాటికి కూడా వంకలు పెడుతోందని చెప్పి, ఆమెను ప్యాకింగు గదికి మార్చాడు. పరీక్ష చేయించండి అని ఆమె అడిగితే ఎవరూ చేయించలేదు. ఫ్యాక్టరీ మూతపడేదాకా అట్టపెట్టెలకు తాళ్లు కట్టింది. అప్పటినుంచీ వీధిలో వెళుతూ ఏ కిటికీలోంచి గరగరమనే రేడియో వినిపించినా పళ్లు నూరేది. "ఇది నా బల్ల దాటి వచ్చింది కాదు" అని ఆ ఇంటివాళ్లకు వినపడేలా చెప్పి మరీ ముందుకు నడిచేది. ఆ ఇంటివాళ్లు పాపం ఏమనుకునేవారో.

ఈ తల్లికి ఒక కూతురు ఉంది. నాకు అత్త. ముక్కూ అదే, ముక్కు మీద కోపమూ అదే. పగలు కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది, సాయంత్రాలు ఒక బ్యాండులో గిటారు వాయిస్తుంది. ఆ బ్యాండుకు పెద్ద, కీబోర్డు వాయించే మాస్టారు. గది ఆయనది, మైకులు ఆయనవి, ఏ పాట ఎవరు ఎంత వాయించాలో చెప్పే నోరు కూడా ఆయనదే. డ్రమ్ములు కొట్టే కుర్రాడిని అందరూ నిద్రమొహం అంటారు. కొడుతున్నప్పుడు కూడా కళ్లు మూసుకునే ఉంటాడు.

వాళ్ల చివరి పాటలో మధ్యన మాటలు ఆగిపోయే చోటు ఒకటి ఉంది. అక్కడ వాయించే ముక్కను అత్త కట్టింది. మా వరండాలో కూర్చుని, కట్టి, చెరిపి, మళ్లీ కట్టింది. నాకు నిద్రలో కూడా వచ్చేస్తుంది. ఆ ముక్కను మాస్టారు తీసుకున్నారు. ఎలాగంటే, ఆయన కీబోర్డులో ఒక బటన్ ఉంది. అది నొక్కితే కీబోర్డు గిటారులా మోగుతుంది. అత్త గిటారు చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా ఆమె పక్కనే ఆయన ఆ బటన్ నొక్కి ఆమె కట్టిన ముక్కను వాయిస్తారు. అత్త వెనకాల తాళం కలుపుతూ ఊరుకోవాలి.

"ఇదేం న్యాయం మాస్టారూ" అని అడిగిందట.

"న్యాయం కాదమ్మాయ్, సౌండు. నీ గిటారు మరీ పల్చగా ఉంది. హాల్లో వెనక వరసకు వెళ్లేసరికి దోమ పాట అయిపోతుంది. ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒకటి తెచ్చుకో. చిక్కగా వినిపించావంటే ఆదివారం ప్రోగ్రాంలో నువ్వే వాయించు."

పెడల్ అంటే కాలితో నొక్కే చిన్న పెట్టె. గిటారు నుంచి వచ్చే వైరు దాంట్లోకి వెళ్లి, అక్కణ్నుంచి స్పీకరుకు పోతుంది. నొక్కితే శబ్దం బొంగురుపోతుంది. అత్త ఒక సర్క్యూట్ బొమ్మ, దానికి కావలసిన సామాను సంపాదించి తల్లి ముందు పెట్టింది. టంకం వేయడంలో మా నాన్నమ్మను మించినవాళ్లు ఎవరున్నారు?

నాన్నమ్మ కళ్లజోడు పెట్టుకుని బొమ్మను చూసింది. వేలు ఒకచోట ఆగింది.

"ఇందులో తప్పుంది."

"తప్పేం లేదమ్మా, అందరూ ఇలాగే చేసుకుంటారు" అంది అత్త చెప్పులు వేసుకుంటూ.

"అందరూ నూతిలో దూకితే నువ్వూ దూకుతావా?"

అత్త షాపుకు వెళ్లిపోయింది. బయటినుంచి ఒక్క మాట అరిచింది. "బొమ్మలో ఉన్నట్టే చెయ్యి."

నాన్నమ్మ కిటికీ దగ్గర బల్ల లాక్కుంది. కరెంటు వైర్లు కలిపే పాత ఇనప జంక్షన్ పెట్టె ఒకటి తీసి, తుప్పు గీకి, బొక్కలు వేసింది. బోర్డు మీద ఒక్కో చుక్క టంకం వేస్తుంటే చూడాలి, ముత్యాలు అతికించినట్టే ఉంటాయి. నోరు మాత్రం ఆగదు. "చూడు, ఈ రెండు డయోడ్లు. పెరిగిన శబ్దాన్ని పెరిగినట్టే నెత్తి నరకడానికి పెట్టాడు. ఎవడో పెట్టాడు, బుద్ధి లేనివాడు. ఇలాంటివాటి వల్లే కదా ఊళ్లో రేడియోలన్నీ చెడింది." ఆ రెండు డయోడ్లను వేయకుండా పక్కన పడేసింది. శబ్దం ఎంత పెరిగినా ఎక్కడా తెగకుండా ఇంకో రెసిస్టర్ కూడా మార్చింది. హెడ్‌ఫోను తగిలించుకుని విని, ఎన్నాళ్లకో నవ్వింది. "అద్దంలా ఉంది" అంది.

నిజంగానే అద్దంలా ఉంది. అదే కొంప ముంచింది.

అత్త స్పీకరు రిహార్సల్ గదిలోనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరూ వాయించి చూడలేదు. ఆ సాయంత్రం అత్త పెడల్ పట్టుకుని పెళ్లికి వెళుతున్నట్టు వెళ్లింది. అక్కడేం జరిగిందో నిద్రమొహం తర్వాత నాకు చెప్పాడు. ముక్క వచ్చేచోట అత్త కాలు ఎత్తి టక్కున నొక్కిందట. గిటారు ఇంకాస్త గట్టిగా, కడిగిన గ్లాసులా తళతళలాడుతూ మోగిందట. బొంగురు లేదు, చిక్కదనం లేదు. మాస్టారు వాయించడం ఆపి అడిగారట.

"అమ్మాయ్, ఇప్పుడు పెడల్ నొక్కావా, చెప్పు సర్దుకున్నావా?"

అందరూ నవ్వారట. అత్త మళ్లీ నొక్కిందట. మళ్లీ అంతే.

"ఆడలేక మద్దెల ఓడు అంటారు. మనవాళ్లకు మద్దెల కూడా ఇంటి తయారీయే" అని, ఆయన చెయ్యి చాచి తన బటన్ నొక్కుకున్నారట.

అత్త ఇంటికి వచ్చి పెట్టెను బల్ల మీద పెట్టింది. విసరలేదు, పెట్టింది. స్క్రూడ్రైవరుతో మూత తెరిచి చూసింది.

"డయోడ్లేవి?"

"తీసేశాను. తప్పని చెప్పాగా."

"అవి ఉంటేనే అది పెడల్. అవి లేకపోతే ఇనప పెట్టె. బొమ్మలో ఉన్నట్టే చెయ్యమన్నాను."

"గొంతు చిరిగిపోయే యంత్రాన్ని నా చేత్తో చెయ్యమంటావా? నలుగురిలో మోగితే ఎవరు చేశారంటే ఏం చెప్పను?"

"నలుగురిలో నవ్వారమ్మా. నన్ను. చెప్పు సర్దుకున్నావా అని అడిగాడు. అది వినిపించిందా నీకు? నీకెలా వినిపిస్తుంది. మీ సూపర్‌వైజరు సరిగ్గానే చెప్పాడు, నీకు చెవి పోయింది."

మిషను ఆగింది. తాతయ్య నోట్లోంచి సూదులు ఒక్కొక్కటిగా తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన మాట్లాడబోతున్నాడంటే ఇల్లు కాలుతున్నట్టే లెక్క. కానీ తీసిన సూదుల్ని మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. నాన్నమ్మ అరవలేదు. లేచి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. తాతయ్య వెళ్లి నుదుటి మీద చెయ్యి పెట్టినా ఆ చేతిని విసిరికొట్టలేదు.

మర్నాడు అత్త పలకరించకుండానే షాపుకు వెళ్లింది. నాన్నమ్మ వంటింట్లో గిన్నెలతో మాట్లాడుతోంది. నేను స్టవ్వు ముందు నిలబడే పాలు పొంగబెట్టాను. అందుకు ఆమె నన్ను తిట్టింది. ఆ తిట్టు మొదట మామూలుగా మొదలై, నేను చదువు వదిలేసిన దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి పైకెక్కి, చివర్లో గొంతులో పట్టక చీలిపోయింది.

"నాన్నమ్మా, నీ గొంతు చివర్లో చిరిగింది. ఎర్ర బిళ్ల అంటించనా?" అన్నాను.

గరిట ఎత్తింది. నేను బల్లకు అవతల పక్కకు పరిగెత్తాను. ఆమె ఇటు వస్తే నేను అటు. అలా తిరుగుతూ తిరుగుతూ ఉన్నట్టుండి ఆగింది.

"ఏమన్నావ్?"

"ఏమీ అనలేదు."

"ఎక్కడ చిరిగిందన్నావే?"

"చివర్లో. మొదట బాగానే ఉంటుంది. కోపం ఎక్కువై గొంతులో పట్టనప్పుడు చిరుగుతుంది. రోజూ అంతేగా. వీధి చివరిదాకా వినపడేది ఆ చిరిగిన ముక్కే."

గరిట పట్టుకునే కుర్చీలో కూర్చుంది. చాలాసేపు స్టవ్వు వైపు చూసింది. పాలు మళ్లీ పొంగాయి. ఈసారి నన్నేమీ అనలేదు.

అత్త ఇంటికి రాగానే గుమ్మంలోనే పట్టుకుంది. క్షమాపణ లాంటిదేమీ ఆశించకండి. అడ్డంగా నిలబడి అడిగింది.

"ఎంత చిరగాలి?"

"ఏంటి?"

"శబ్దం. ఎంత చిరగాలో సరిగ్గా చెప్పి చావు. కొలత లేకుండా గుడ్డ కూడా చించరు, మీ నాన్ననడుగు."

అత్త సంచి కింద పెట్టింది. ఆమెకూ కోపం తగ్గలేదు. తగ్గని గొంతుతోనే చెప్పింది. "మెల్లగా మీటితే శుభ్రంగా ఉండాలి. గట్టిగా మీటితే బొంగురుపోవాలి. ఎంత గట్టిగా మీటితే అంత. ఒకేసారి కాదు."

"ఇది ముందే ఏడవొచ్చుగా."

"ఏడిస్తే విన్నావా?"

"పద, ఆ స్పీకరు తెప్పించు. హెడ్‌ఫోనులో తేలే యవ్వారం కాదిది."

నిద్రమొహం తన స్కూటరు మీద స్పీకరును తాడుతో కట్టి తెచ్చాడు. "ఇంట్లో అందరూ మాట్లాడుకుంటున్నారా అక్కా?" అని అత్తను మెల్లగా అడిగాడు. "లేదు, పని చేసుకుంటున్నాం" అంది అత్త. అతను స్పీకరు దించి, వరండాలో గోడకు ఆనుకుని నిద్రపోయాడు.

నాన్నమ్మ మొదట బొమ్మలో ఉన్న డయోడ్లే వేసింది. అత్త మీటింది. చిరిగింది, కానీ రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు చిరిగింది. "ఇది కోపం కాదు, పళ్లనొప్పి" అంది నాన్నమ్మ. గిటారు లావు తీగ శబ్దం అసలు పెట్టె లోపలికే రావడం లేదని కనిపెట్టి, దారిలో ఉన్న కెపాసిటర్ పీకి ఇంకాస్త పెద్దది వేసింది. శబ్దానికి ఒళ్లు వచ్చింది. అయినా కరకు పోలేదు. అప్పుడు మంచం కింద నుంచి ఒక పాత రేడియో లాగి, దాని గుండెలోంచి గాజు డయోడ్లు తీసింది. సన్నటి గాజు గొట్టాలు, లోపల వెంట్రుకంత తీగ. ఎక్కువ వేడి తగిలితే చచ్చిపోతాయి. వాటి కాళ్లను పట్టకారుతో పట్టుకుని, వేడి పైకి పాకకుండా చూసుకుంటూ అతికించింది. ఊపిరి కూడా తిట్టినట్టే వదిలింది.

ఈసారి కరకు పోయింది. దమ్ము కూడా పోయింది. "జలుబు చేసినట్టుంది" అంది అత్త.

"నీకు అన్నీ వంకలే."

"ఎవరి పోలికో."

గోడ అవతల నుంచి పక్కింటాయన ఏదో అరిచాడు. "మీ టీవీ మోగినప్పుడు నేనేమైనా అన్నానా" అని నాన్నమ్మ తిరిగి అరిచింది. ఆమె ఆ అరుపును తనే వింటూ ఉండిపోయింది. నేను చూశాను. తర్వాత బోర్డు తిప్పి, రెండు పక్కలా సమానంగా ఉన్నవాటిలో ఒక పక్క గాజు డయోడ్ ఉంచి, రెండో పక్కన మామూలువి రెండు జంటగా వేసింది.

"ఎందుకలా?"

"మనిషి అరిచినప్పుడు లోపలికి పీల్చేది ఒక రకం, బయటికి వదిలేది ఒక రకం. రెండూ ఒకేలా తెగితే మనిషి కాదు, హారను."

అత్త మెల్లగా మీటింది. శుభ్రంగా ఉంది. కాస్త గట్టిగా మీటింది. అంచు బరకగా అయింది. తర్వాత, చెప్పు సర్దుకున్నావా అన్న మాట గుర్తొచ్చిందో ఏమో, చెయ్యి ఎత్తి కొట్టింది. శబ్దం లేచి, నిండి, గదిలో పట్టక చీలింది. వరండాలో నిద్రమొహం కళ్లు తెరిచాడు. తాతయ్య సూదుల మధ్యనుంచి, "ఇది మీ అమ్మే" అన్నాడు.

శనివారం రిహార్సల్‌కు నాన్నమ్మ కూడా బయలుదేరింది.

"నువ్వెందుకమ్మా?"

"బ్యాటరీ వైరు ఊడితే నీకు పెట్టడం రాదు."

ఆమె వెంట నేను. రిహార్సల్ గది సైకిళ్ల షాపు పైన ఉంది. శబ్దం బయటికి పోకుండా గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అతికించారు, వాటి మీద అరచేతి మందం దుమ్ము. మాస్టారు నాన్నమ్మకు కుర్చీ వేయించి, "రండి అమ్మగారూ, మీరు చేసిందేనటగా" అన్నారు, నవ్వు ఆపుకుంటూ. ఆమె కుర్చీలో కూర్చుంది, నవ్వలేదు.

పాట మొదలైంది. మాటలు ఆగే చోటు వచ్చింది. అత్త నొక్కింది. ఆ తర్వాత మాస్టారు మొహంలో నవ్వు ఎటు పోయిందో వెతుక్కోవలసి వచ్చింది. పాట అయ్యాక గది కాసేపు మోగుతూనే ఉంది.

"బాగుందమ్మాయ్" అన్నారు మాస్టారు. "చిక్కగా ఉంది. బాగా కుదిరింది." కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచారు. "కానీ రేపటికి ఆ ముక్క నా దగ్గరే ఉండనీ. జనానికి అలా అలవాటైపోయింది. పెడల్ వెనకాల తాళానికి వాడుకో."

అత్త ఒక్క మాట అనలేదు. వంగి, పెట్టెలోంచి వైరు పీకబోయింది.

"ఉండు" అంది నాన్నమ్మ. అత్త చెయ్యి ఆగింది. "మాస్టారూ, పల్చగా ఉందన్నారు. చిక్కగా చేసి తెచ్చాం. ఇప్పుడు ఏది పల్చగా ఉంది?"

"ఇది బ్యాండు వ్యవహారం అమ్మగారూ. మీరు పెద్దవారు, మీకు తెలియదు."

"తెలుసు. మొదట శబ్దంలో వంక అంటారు. శబ్దం కుదిరాక అలవాటు అంటారు. నాకు బాగా తెలుసు."

ఆయన మొహం ఎర్రబడింది. గోడ దగ్గరికి వెళ్లి, అత్త స్పీకరు ప్లగ్గు పీకేశారు. "టైమైంది. వేరే పాట చూద్దాం."

నాన్నమ్మ లేచింది. కుర్చీ కూడా తీసుకుని లేచింది. గోడ దగ్గరికి ఈడ్చుకెళ్లి, ప్లగ్గు మళ్లీ పెట్టి, స్విచ్చు వేసి, కుర్చీని సరిగ్గా ఆ బోర్డుకు ఆనించి అందులో కూర్చుంది. ప్లగ్గు ఇప్పుడు ఆమె వీపు వెనక ఉంది.

"ఇప్పుడు తియ్యండి" అంది.

ఎవరు తీస్తారు? మాస్టారు నిద్రమొహం వైపు చూశారు. వాడు కళ్లు మూసుకుని, ఎవరూ చెప్పకుండానే తాళం మొదలుపెట్టాడు. అత్త నిటారుగా నిలబడింది. ముక్కను మొదటినుంచీ వాయించింది, ఎవరి మొహమూ చూడకుండా. అందంగా ఉందని నేను చెప్పను. నాన్నమ్మ తిట్టు ఎప్పుడైనా అందంగా ఉందా? కానీ తిడుతున్నప్పుడు ఎవరైనా మధ్యలో లేచి వెళ్లగలిగారా? మాస్టారు వేలు ఆ బటన్ దగ్గరిదాకా వెళ్లి, అక్కడే కాసేపు ఉండి, వెనక్కి వచ్చింది.

అయ్యాక ఆయన, "సరే, రేపటి సంగతి రేపు చూద్దాం" అన్నారు.

"చూడటం కాదు. ఎవరు వాయిస్తారో చెప్పండి, నేను లేస్తాను."

ఆయన ఇటు చూశారు, అటు చూశారు. "ఆ అమ్మాయే" అన్నారు. తర్వాత అందరికీ టీ తెప్పించారు. నాన్నమ్మ ముట్టుకోలేదు.

మెట్లు దిగుతుంటే అత్త సంతోషంగా ఉంటుందని నేననుకున్నాను. నాన్నమ్మ ఉండనిస్తేగా. సగం మెట్ల మీద ఆగి తిరిగింది.

"ఎందుకు వంగావు?"

"ఏంటమ్మా?"

"వాడు వద్దనగానే వైరు పీకడానికి ఎందుకు వంగావు? ఒక్క మాట కూడా అనకుండా?"

అత్త పెట్టెను గుండెలకు ఆనించుకుని నిలబడింది. "నువ్వు అట్టపెట్టెలకు తాళ్లు కట్టలేదా?" అంది, మెల్లగానే.

"కట్టాను. అందుకే అడుగుతున్నాను."

ఇద్దరూ ఇంటిదాకా మాట్లాడుకోలేదు. కానీ పక్కపక్కనే నడిచారు. ఇక ఆ గదిలో వదలనని అత్త తెచ్చేసుకున్న స్పీకరును వెనకాల నేను మోశాను, ఎవరికీ జాలి లేదు.

ఆదివారం హాలు నిండింది. నాన్నమ్మా, తాతయ్యా, నేనూ వెనక వరసలో కూర్చున్నాం. దోమ పాట అవుతుందన్న వరస అదేనని నాన్నమ్మ పట్టుబట్టి అక్కడే కూర్చోబెట్టింది. చివరి పాట వచ్చింది. మాటలు ఆగాయి. అత్త ముందుకు వచ్చి కాలితో పెడల్ నొక్కింది. శబ్దం వెనక గోడకు తగిలి, మా వీపుల మీదుగా తిరిగి వచ్చింది.

నాన్నమ్మ పక్కన కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన కూర్చున్నాడు. ఆయన మొహం చిట్లించి, ఆమె వైపు వంగి, "స్పీకరు పాడైనట్టుందండీ, ఎవరూ చూసుకోరేమో" అన్నాడు.

ఎవరికి చెప్పాడో చూడండి.

నాన్నమ్మ మొత్తం అటు తిరిగింది. స్పీకరు పాడవలేదనీ, అది అలా ఉండాలనే అలా ఉందనీ, అంత చిరగడానికి ఎన్నిసార్లు పీకి అతికించాలో ఆయనకు తెలియదనీ, తెలియనప్పుడు నోరు మూసుకుని వినాలనీ మొదలుపెట్టింది. ఆయన కోటు సర్దుకున్నాడు. ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగారు. తాతయ్య జేబులో సూదుల కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. ఆమె చెప్పాల్సింది చెప్పి స్టేజీ వైపు తిరిగేసరికి ముక్క అయిపోయింది. జనం చప్పట్లు కొడుతున్నారు. అత్త చెయ్యి తీగల మీద నుంచి తీసేసింది.

ఆ కోటాయన వల్ల చివరి సగం వినకుండా పోయిందని నాన్నమ్మ ఇప్పటికీ తిడుతుంది. ఎవరో, ఏ ఊరో, పేరు కూడా తెలియదు. పాపం, మంచివాడిలాగే ఉన్నాడు.